వాగు దగ్గర అన్నయ్య

వదినా,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. నేను జారిపడ్డానని అన్నయ్య నీతో చెప్పాడట. పడలేదు. నా కుడిచెయ్యి విరగ్గొట్టింది తనే.

రంగుల ఫ్యాక్టరీ గొట్టం వాగులోకి విషం వదులుతోందని నీకు తెలుసు. ఆ నీళ్లలో బట్టలుతికి మా చేతులన్నీ పుండ్లయ్యాయి. పక్కింటి కోడలికి ఈసారి కూడా కడుపు నిలవలేదు. అందుకే నిన్న పొద్దున్న ఆడవాళ్లమంతా సిమెంటు కలిపి గొట్టం మూసేశాం. ఇంతలో ఫ్యాక్టరీ కాపలావాళ్లు ఇనుప కడ్డీలతో వచ్చిపడ్డారు. వాళ్లకు పెద్ద కదా, ముందు నడిచింది అన్నయ్యే.

"ఇంటికి పోవే! నా పరువు తియ్యకు" అన్నాడు.

"నీళ్లు బాగుపడితే మేమే పోతాం అన్నయ్యా" అన్నాను.

కడ్డీ ఎత్తి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆ అరుపుల్లోనూ వినబడింది. అడ్డొచ్చిన ముసలి మంత్రసాని తల పగలగొట్టారు. ఆమె రక్తం వాగులో కలిసింది. ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు.

కొట్టేముందు అన్నయ్య కింది పెదవి కొరుక్కున్నాడు వదినా. నీమీద చెయ్యెత్తేటప్పుడూ అంతే. నిన్నైనా వాగునైనా ఒకేలా చూస్తాడు, తన సొత్తు అన్నట్టు, ఏం చేసినా నోరెత్తదన్నట్టు.

పోలీసులు మీ ఇంటికి వస్తారు. తను నిన్నంతా ఇల్లు కదల్లేదని నీతో చెప్పించబోతాడు. చెప్పకు. నిజం చెప్పాక ఆ ఇంట్లో క్షణం కూడా ఉండకు, పాపనెత్తుకుని వచ్చెయ్. మా తలుపుకి గడియ పెట్టను.

నీ ఆడపడుచు