తుఫాను షెల్టర్లో బూత్

సెప్టెంబరు 2, 2018
ఇది రాయడం దండగని పెన్ను జేబులో పెట్టేశాను. తిన్నది అరగక మళ్ళీ తీశాను. యూనివర్సిటీ నుంచి సుధ అనే అమ్మాయి వచ్చింది, ఎన్నికల మీద పరిశోధనట. తలారిగా బ్యాలెట్ పెట్టెలు మోసినవాణ్ణని ఎవరో చెప్పారు కాబోలు. బూత్ దూరమైతే వోట్లు తగ్గుతాయని పుస్తకాల్లో తేలిందట. మా ఎల్లమ్మ మోకాళ్ళనడుగు తల్లీ, అన్నాను. నవ్వింది. రాసుకుంది.

సెప్టెంబరు 4
ఎల్లమ్మ మా వీధిలో చేపలమ్ముతుంది. జాలరిపేట నుంచి మా ఊరి బడిదాకా ఇసుకలో నడిచొచ్చి వోటేస్తుంది. మొగుడు సముద్రంలో పోయిన ఏడు కూడా మానలేదు. "కలెట్రు ఏలికీ నా ఏలికీ ఒకటే సిరా బావూ" అంటుంది.
బ్యాలెట్ పెట్టెలంటే గుర్తొచ్చింది — ఓసారి ఎడ్లబండి మీద పెట్టె, దాని మీద ప్రిసైడింగ్ ఆఫీసరు, ఆయన ఒళ్ళో ఎవరో ఇచ్చిన పనసపండు. ఏట్లో బండి ఒరిగితే ఆయన గట్టిగా పట్టుకున్నది పనసపండునే. పెట్టెని నేను పట్టుకున్నాను. సరే...

సెప్టెంబరు 25
సుధ కాగితాలు, నా నోరు — రెండూ తహసిల్దారు ముందు పెట్టాం. పేటలోనే తుఫాను షెల్టరుంది. పక్కా కట్టడం, ర్యాంపు కూడా. బూత్‌ని అందులోకి మార్చడానికి ఒప్పుకున్నాడు. పేట పెద్దలు "మంచిదే కదేటి" అన్నారు. అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసంటించారు. ఎవరూ చెప్పలేదు. చదువుకీ పనికీ పెళ్ళి చేసినంత గర్వం నాకు.

అక్టోబరు 11
తుఫాను. పేటంతా షెల్టర్లో. ఎల్లమ్మా, ఇంకో నాలుగిళ్ళవాళ్ళూ మాత్రం గాలిలో పడుతూ లేస్తూ మా బడికొచ్చారు. కేకలేశాను.
"ఒలే, షెల్టరు పక్కనుండగా ఇదేటే?"
"మా మడిసిని ఆడే కదా పడుకోబెట్టినారు బావూ, ఆ పడవోల్లందర్నీ. ఆ గడప మేం తొక్కం."
పడవ మునిగాక దొరికిన శవాల్ని ఆ షెల్టర్లో పెట్టిన రోజు నేనూ అక్కడున్నాను. మిగతా పేట శాంతి చేయించుకుని వెళుతోంది. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు వెళ్ళరు. బూత్ మార్చేటప్పుడు పెద్దల్నడిగాను. ఎల్లమ్మనడగలేదు — ఆమె కోసమే కదా అని.

నవంబరు 5
బూత్‌ని మళ్ళీ బడికే మార్చమన్నాను. తహసిల్దారు: "బూత్‌ల జాబితా పైకెళ్ళిపోయింది పెద్దాయనా. ఇప్పుడు మారిస్తే పార్టీలవాళ్ళు ఊరుకుంటారా?"
సుధ కలెక్టరాఫీసుకి రాసింది.

జనవరి 20, 2019
జవాబు లేదు.

ఏప్రిల్ 11
పోలింగు. ఎండ. ఎల్లమ్మ ఉతికిన చీర కట్టుకుని, స్లిప్పు కొంగున ముడేసుకుని వచ్చింది. ర్యాంపు మొదట్లో ఆగిపోయింది. లైనులోంచి ఎవరో — "రాయే అప్పా, కల్లు మూసుకు వచ్చీ!" కదల్లేదు. ఆఫీసర్ని గుమ్మం దగ్గరికి పిలిపించి, ఆమె బయటే వోటేసే వీలుందా అని అడిగాను. మిషను బయటికి రాదన్నాడు. నాకు తెలియని సంగతా... తిరిగొచ్చేసరికి అక్కడే నిలబడి ఉంది.
"ఎండగున్నాది. నువ్వెల్లు బావూ" అంది.

ఏప్రిల్ 12
సుధ ఫోను. పేట బూత్‌లో పోలింగు బాగా పెరిగిందట. "మనం అనుకున్నదే నిజమైంది తాతగారూ" అని, మళ్ళీ తనే, "ఎల్లమ్మగారు..?" అంది. సిగ్నల్ లేదన్నాను.
పొద్దున్న ఎల్లమ్మ నెత్తళ్ళ చేపలు తెచ్చింది. తూస్తుంటే వేలు చూశాను. శుభ్రంగా ఉంది.
"తట్ట కొంచెం ఎత్తు బావూ" అంది. ఎత్తాను.