పేరు చెప్పకూడని పేపరు

కమిటీ సార్లకి నమస్కారం,

మా అక్క భాషల మీద చదువుతోంది. మీ స్టూడెంట్ల సదస్సుకి పేపరు రాసింది. తనిప్పుడు జనం మాటలు రికార్డు చేసుకోడానికి ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది, అక్కడ సిగ్నల్ లేదు. పోయేముందు పాత ఫోను నా చేతిలో పెట్టి, "సాయంత్రం ఆరులోపు పంపెయ్ రా. పేపరు మీద నా పేరు ఉండకూడదు, ఉంటే చదవకుండా పడేస్తారు" అంది. ఫోన్లో రెండు ఫైళ్లున్నాయి. పేరు లేనిది చూసి మరీ పంపుతున్నా. ఇది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలంట.

ఇట్లు,
పేరు చెప్పకూడని అక్క తమ్ముడు

తా.క.: నా పేరు కూడా చెప్పను. కూపీ లాగితే అక్క దొరికిపోతుంది. సోఫాలు కుట్టే షాపులో ఉన్నా, ఓనరు చూడకుండా రాస్తున్నా. తప్పులుంటే తిట్టకండి.

*

తమ్ముడు గారికి,

పేపరు అందింది. పేరు దాచేది మార్కులేసే వాళ్ల దగ్గరే. రాసిందెవరో తెలిస్తే మొహమాటపడతారని. ఫారంలో మాత్రం పేరుండాలి, లేకపోతే పేపరు ఎవరిదని తీసుకోవాలి? అక్క పేరు చెప్పండి.

ఉంటాను,
కమిటీ తరఫున

తా.క.: ఇక్కడ సార్లెవరూ లేరు, అందరం స్టూడెంట్లమే. నేనైతే అమ్మాయిని.

*

మేడం గారికి,

సారీ. అమ్మాయని తెలిస్తే అంత ధైర్యంగా రాసేవాణ్ని కాదు. చెవులు కాలిపోతున్నాయి.

కానీ మేడం, పేరుంటే పడేస్తారంట, లేకపోతే తీసుకోరంట. ఇది నాకు పరీక్షే కదా? బడిలో మాస్టారు కూడా ఇలాగే "భయం లేదు, అల్లరి చేసిందెవరో చెప్పు" అనేవాడు. చెప్పాక ఇద్దర్నీ బాదేవాడు. నేను చచ్చినా చెప్పను.

ఇట్లు,
నోరు కుట్టేసుకున్నవాడు

తా.క.: అక్కది మీ కాలేజీయే. పొట్టిగా ఉంటుంది. పోయినేడు మీ సదస్సులో మైకు పోతే, హాలు దద్దరిల్లేలా మాట్లాడిందంట. ఇంతకుమించి ఒక్క ముక్క చెప్పను.

*

నోరు కుట్టుకున్నవారికి,

ఆ గొంతు మర్చిపోతామా! ఫారం నింపేశాను. ఇంకేమీ దాచకండి బాబూ, ఉన్నవన్నీ బయటపడేలా ఉన్నాయి.

ఇంకొక్కటి. ఈ పేపరంతా ఒక అబ్బాయి మాటల మీదే. ఎవరి మాటలు రాసుకున్నామో వాళ్లు "నాకు ఇష్టమే" అని రాసివ్వాలి. అది లేకుండా పేపరు తీసుకోం. రెండో పేజీ చూసి, ఆ అబ్బాయి మీకు తెలిస్తే ఆరులోపు రాయించండి.

ఉంటాను,
మేడం కాని అమ్మాయి

తా.క.: ఆ అబ్బాయి భలే ఉన్నాడు. రూములో అందరం చదువుకుని ఒకటే నవ్వు.

*

అమ్మాయి గారికి,

చూశాను. చూడకపోయినా బాగుండేది. ఆ అబ్బాయి నేనే.

నేను ఓనర్ని సెలవడిగిన సంగతి రెండో పేజీలో ఉంది. "ఏం లేదన్నా... అంటే... అదే... ఏం లేదులే." ఓనరు నాకు కడుపునొప్పి అనుకుని బిళ్ల ఇచ్చాడని అక్క రాసింది. నేను మింగానని కూడా రాసింది.

మూడో పేజీ ఇంకా ఘోరం. కుట్టిన సోఫా ఇవ్వడానికి ఒకళ్లింటికి పోయి, తలుపు తీసినావిడతో "ఏం లేదండీ" అనేసి సోఫాతో సహా వెనక్కొచ్చా. ఇది అన్నం తింటూ అక్కకొక్కదానికే చెప్పుకున్నా. కంచం పక్కన ఫోను బోర్లా ఉంటే ఛార్జింగ్ అనుకున్నా.

ఆ పేజీలు తీసేసి మిగతాది తీసుకోండి. మీ కాళ్లు పట్టుకుంటా.

ఇట్లు,
సిగ్గుతో సోఫా కింద దూరినవాడు

తా.క.: మీ రూములో ఎంతమంది?

*

సోఫా కింద ఉన్నవారికి,

తీసేస్తే పేపరే లేదు, మొత్తం మీరే. మీకు ఇష్టం లేకపోతే ఆపేస్తాం, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నవ్వినందుకు ఇప్పుడు మాకే తలెత్తుకోలేకుండా ఉంది. అయిదున్నరైంది.

ఉంటాను,
నవ్విన అమ్మాయి

తా.క.: తొమ్మిదిమంది. కానీ చివరి పేజీ దగ్గర ఎవరూ నవ్వలేదు. చదవండి.

*

అమ్మాయి గారికి,

చదివాను. సగం అర్థం కాలేదు. 'ఏం లేదు' అంటూ అడిగేవాడు పిరికివాడు కాదంట, అవతలివాళ్లు కాదనడానికి దారి వదిలి అడుగుతాడంట. నాకైతే నిజంగా భయమే. కానీ అక్క అలా అనుకుంటోందంటే అనుకోనీ, నేను చెడగొట్టను.

నాకు ఇష్టమే.

ఇట్లు,
ఆ అబ్బాయి

తా.క.: సోఫా ఇంటావిడకి మాత్రం చూపించకండి.

*

అమ్మాయి గారికి,

పేపరు తీసుకున్నారని మీ మెసేజ్ వచ్చింది. కొంప మునిగింది.

అక్క పొద్దున్నే వచ్చి "ఏ ఫైలు పంపావురా" అంది. పేరు లేనిది అన్నా. తల పట్టుకుని కూలబడింది. పంపాల్సింది కూరగాయల వాళ్ల కేకల మీద రాసిందంట. దాని మీద తన పేరుంది, అది చెరిపేసి పంపమని అక్క ఉద్దేశం. నా మీద రాసింది బయటపెట్టకూడదని పక్కన పడేసిందంట. చెప్పకుండా రికార్డు చేశానే, వీణ్ని ఏ మొహంతో అడగనూ అని, సిగ్గుతో దాని మీద తన పేరే రాసుకోలేదంట.

నేను ఇష్టమేనని రాసిచ్చింది చూపించా. చదివి లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం షాపు గుమ్మం దగ్గర ప్రత్యక్షం. హాలు దద్దరిల్లే మనిషి, గోళ్లు చూసుకుంటూ, "ఏం లేదురా... అంటే... నువ్వు నిజంగా... అదే... ఏం లేదులే" అంది.

ఓనరు సొరుగులోంచి కడుపునొప్పి బిళ్ల తీసి అక్క చేతిలో పెట్టా.

ఇట్లు,
ఆ అక్క తమ్ముడు

తా.క.: మింగింది. ఇది చివరి పేజీ తర్వాత కలపండి. "నాకు ఇష్టమే" అని అక్క దగ్గర నేను రాయిస్తా.