నాలుగో గుంపు మామ

చెన్నూరు, జూలై 2

కోడలు శ్యామలకు మేనమామ పోశం దీవెనలు.

నేను, మీ అత్త సరోజన మంచిగున్నం. పత్తి చేన్ల గడ్డి మాకంటె మంచిగున్నది. కరీంనగర్ల నువ్వు ఎలుకలకు గడ్డిమందు తాగిస్తున్నవని మీ అవ్వ చెప్పింది. ఎలుకలను సంపేటందుకు గంత చదువు కావాల్నా? మా పిల్లి ఒకటో తరగతి గూడ చదువలే.

ఇట్లు,
పోశం

తా.క.: ఫోన్ చేయకు. నువ్వు "మూతికి మాస్కు, చేతికి తొడుగులు" అని మొదలువెట్టంగనే ఇక్కడ సిగ్నల్ పోతది.

కరీంనగర్, జూలై 9

సిగ్నల్ అందని మామకు నమస్తే.

గడ్డిమందు కార్జాన్ని ఎంత పాడు చేస్తదో, ఉసిరిక రసం దాన్ని ఎంతవరకు కాపాడుతదో చూస్తున్నం మామా. ఎలుకలను నాలుగు గుంపులు చేసినం. మొదటి గుంపుకు మంచినీళ్లు, రెండోదానికి గడ్డిమందు, మూడోదానికి ఉసిరిక రసం, నాలుగోదానికి రెండూ. రెండో గుంపు కంటే నాలుగో గుంపు కార్జాలు నయంగా ఉన్నయి. అయినా నువ్వు మాస్కు లేకుండ మందు కొట్టకు. నాకు భయమైతది.

నీ శ్యామల

తా.క.: పిల్లిని మాత్రం ఇటు పంపకు. నా మూడేండ్ల చదువు ఒక్క పూటలో తినేస్తది.

చెన్నూరు, జూలై 20

ఎలుకల డాక్టరమ్మకు దీవెనలు.

ఇగ ఫికర్ చేయకు. నేను నాలుగో గుంపుల చేరిన. ఉసిరికాయలు గిప్పుడు దొరకయి గద, అందుకే పొద్దుగాల గిన్నెడు ఉసిరిక తొక్కు తిని మందు కొట్టే పంపు ఎత్తుకుంటున్న. మాస్కు పని తొక్కే చూసుకుంటది. పక్క చేను హనుమండ్లుకు పులుపు పడది, రెండో గుంపుల ఏసిన. ఎదురింటి పరశురాములు మందు కొట్టడు, తొక్కు తినడు, మొదటి గుంపు. మీ అత్త మోకాళ్ల నొప్పులతోని చేన్లకే రాదు, ఇంట్ల తొక్కు తింటది. ఆమెది మూడో గుంపు.

ఇట్లు,
పోశం, నాలుగో గుంపు

తా.క.: తొక్కు జాడి సగమైంది. మీ అత్త నన్ను ఐదో గుంపుల ఏస్తనంటుంది. అండ్ల అన్నం గూడ ఉండదట.

కరీంనగర్, జూలై 28

తొక్కు మామకు నమస్తే.

జాడి మూత పెట్టు. నాలుగో గుంపు నయమన్నది రెండోదాని కంటే, అంతే. మంచినీళ్ల గుంపుతోని పోల్చి చూస్తే దానికీ దెబ్బ తగిలింది. ఆ సంగతి ఎట్ల తెలిసిందనుకున్నవ్? చివరికి నాలుగు గుంపుల ఎలుకలనూ కోసి చూసినం. మనుషులకైతే జర రక్తం తీస్తే చాలు. అత్తను తీసుకొని మంచిర్యాల పో, ఇద్దరూ పరీక్ష చేయించుకోండ్రి. అత్తది ఎట్లయినా మంచిగనే ఉంటది. దాని పక్కన నీది పెట్టి చూసుకుంటే అప్పుడన్నా నా మాట వింటవ్.

నీ శ్యామల

తా.క.: మా ఎలుక బరువు రెండు వందల గ్రాములు. నీ బరువుకు లెక్క కడితే చెన్నూరు జాడీలన్నీ తెచ్చినా చాలవు.

చెన్నూరు, ఆగస్టు 10

కోడలు శ్యామలకు దీవెనలు.

కోస్తరని చెప్పంగనే హనుమండ్లు గుంపు ఇడిచిపెట్టిండు. పరశురాములైతే "మంచినీళ్లు తాగినందుకు గూడ కోస్తరా?" అని కొట్లాటకే వచ్చిండు.

పరీక్ష చేయించినం. నా కార్జం మంచిగున్నది. మీ అత్తదే బాగలేదు. "ఆమె చేన్లకే రాదు సారూ" అన్న. "మందు కొట్టిన బట్టలు ఎవరు పిండుతరు?" అని అడిగిండు డాక్టరు. పదేండ్ల సంది వట్టి చేతులతోని పిండేది సరోజననే. గిందుకే అయిందని ఖాయంగ చెప్పలేనన్నడు గని, ఆ బట్టలు ముట్టుడు బంద్ అన్నడు. గోలీలిచ్చిండు, నెమ్మదిగ తగ్గుతదన్నడు. నాకు సిగ్గయింది కోడలా. ఊరంతటికీ గుంపులు రాసిన గని, నా బట్టలు పిండే మనిషి ఎండ్ల ఉన్నదో చూడలే.

ఈ ఏడు గడ్డి కూలోళ్లతోని తీపిస్తున్న. నా బట్టలు నేనే పిండుకుంటున్న.

ఇట్లు,
మీ మామ పోశం

తా.క.: "నువ్వు మందు కొడుతలేవు గద, నీ పంపు నాకియ్యి" అని హనుమండ్లు వచ్చిండు. ఇయ్యలే. వాళ్లింట్ల బట్టలు పిండేది ఆయన పెండ్లాం మంజుల.