అమ్మ ఆపింది

తమ్ముడూ,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరం మొదట్లో రాయాలి కాబట్టి రాసిన మాట కాదిది. చాలా రోజుల తర్వాత చిన్నక్క కంటినిండా నిద్రపోతోంది, అందుకని రాస్తున్నాను. నీ ఓడ రేవు చేరేసరికి ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న పెట్టె అందుతుంది. పెట్టె ఇప్పుడే తెరవకు. ముందు ఇది చివరిదాకా చదువు.

అమ్మ ఉన్నప్పటి ఒక పొద్దున గుర్తుకొస్తోంది. ప్రత్యేకమైనదేమీ కాదు. కిటికీ అద్దం మీద వాన చుక్కలు. అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది, ఫోను దుప్పటి మడత మీద. నేను ఇస్త్రీ చేస్తున్నాను. చిన్నక్క ఆఫీసు బస్సులో, నువ్వు ఏదో రేవులో. నలుగురం ఫోన్లు కలుపుకుని, ఒకటి రెండు మూడు అనుకుని ఒకే పాట నొక్కాం. పల్లవి దాటకముందే అమ్మకు దగ్గు తెర వచ్చింది. "ఆపండర్రా, నేను లేకుండా ముందుకు పోకండి" అంది. ఆపాం. "పాట చల్లారిపోతోందమ్మా" అన్నావు నువ్వు. "చల్లారితే మీ అక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఉందిగా" అంది. దగ్గు తగ్గాక తనే "ఊఁ, పదండి" అంది. అంతే ఆ పొద్దున.

ఆ అలవాటునే చిన్నక్క తన ఆఫీసుకు పట్టుకెళ్ళింది. ఫోన్లలో పాటలు వినిపించే కంపెనీ కదా. దూరాన ఉన్నవాళ్ళు ఒకే పాటను ఒకేసారి వినడానికి ఒక గది లాంటిది తయారుచేయమన్నారు. అది ఎలా నడవాలో ఆలోచించి తెర మీద గీయడం చిన్నక్క పని. ఎవరు ఆపినా అందరికీ ఆగాలి, ఆపినవాళ్ళ పేరు కనపడాలి, మళ్ళీ మొదలుపెట్టే హక్కు ఆపినవాళ్ళకే ఉండాలి అని పెట్టింది. "ఒక్కరి కోసం అందరూ ఆగాలా?" అని మేనేజరు నవ్వాడట. "ఆగలేనివాళ్ళు ఒంటరిగా వినొచ్చు సార్" అందట మనది. పరీక్షకు మన నలుగురినే ఆ గదిలో పెట్టింది. అమ్మ చివరి పొద్దులు అక్కడే గడిచాయి. తను పోయాక కూడా ఆ గదిని మనం మూయలేదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. మీ బావ మోకాలు నయం. మెట్లెక్కేటప్పుడు తిట్టే తిట్లు సగానికి తగ్గాయి.

చిన్నక్క ఉద్యోగం మానేసిందా అన్నావు. మానలేదు. గది పని పూర్తికాగానే మేనేజరు దాన్ని ప్రకటనల బొమ్మలు దిద్దే విభాగానికి తోలేశాడు. ఆలోచనంతా తనదేనని పైవాళ్ళకు చెప్పుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ రోజు చిన్నక్క ఇంటికొచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా కూర్చుండిపోయింది. "పోనీలే అక్కా" అంది. నేను పోనివ్వలేదు. ప్రార్థనకు కూర్చున్నాను. క్షమించే మనసు ఇమ్మని అడగలేదు. ఒక్క అవకాశం ఇమ్మన్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. అది రాసేటప్పుడు నీ చేతిరాత వంకర్లు పోయింది. "రేవులో ఉండగా నా ఫోనులో 'అమ్మ ఆపింది' అని పడిందక్కా. అమ్మ ఫోను ఎవరి దగ్గరుంది?"

నా దగ్గరే. ప్రార్థన బల్ల సొరుగులో. ఆపింది నేనే.

ఆ రోజు కంపెనీ ఆ గదిని పెద్దలకీ విలేఖరులకీ చూపించే సభ. చిన్నక్కకు వెనక వరుసలో కుర్చీ. నేను ఇంట్లో కంప్యూటరులో చూస్తున్నాను. మేనేజరు పెద్ద తెర మీద గది తెరిచాడు. మన గదే. కొత్తదైతే బోసిగా ఉంటుంది, మనది మనుషులు మసలిన గది. పేర్లు కూడా మార్చనక్కర్లేదు. అమ్మ, పెద్దక్క, చిన్నక్క, తమ్ముడు. ఏ ఇంటికైనా అతుకుతాయి. పాట మొదలైంది. చిన్నక్క ఒకప్పుడు తనకు చెప్పిందే అతను గొంతు తగ్గించి, "మా అమ్మకు దగ్గు. నేను లేకుండా ముందుకు పోకండి అనేది. ఈ గది ఆ మాటలోంచే పుట్టింది" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

పని వరకే దొంగిలించి ఉంటే దేవుడికి వదిలేసేదాన్నేమో. వాడు అమ్మ దగ్గును దొంగిలించాడు.

సొరుగు తీశాను. నొక్కాను.

పాట ఆగింది. తెర నిండా 'అమ్మ ఆపింది' అని పడింది. అతను తన ఫోను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆపినవాళ్ళే మొదలుపెట్టాలని అంతకుముందే అందరికీ వివరించింది అతనే. కంపెనీ పెద్దావిడ ముందు వరుసలోంచి, "తొందరేం లేదు. అమ్మగారికి వీలైనప్పుడే మొదలుపెట్టమనండి" అంది. ఆవిడ పక్కనే ఉంది అతని తల్లి, కొడుకు గొప్ప చూద్దామని వచ్చి. చేతిలో ఫోనే లేదు. "నేనేం ఆపలేదురా. అసలు నాకు దగ్గెప్పుడొచ్చింది?" అంది. మైకు ఆ మాటను కూడా అందుకుంది.

అతను ఫోను నొక్కుతూనే ఉన్నాడు. నేను చివరిదాకా చూశాను. నా కడుపు చల్లబడింది తమ్ముడూ. ఈ మాట రాయడానికి సిగ్గుపడాలి. పడటం లేదు. నిన్ను హడలగొట్టినందుకు మాత్రం బాధగా ఉంది.

విచారణ తేలేదాకా ఆ గదిని ఎవరూ ముట్టుకోకూడదని పెద్దావిడ చెప్పింది. అందుకే అప్పట్నుంచీ మనకూ పాట లేదు. రోజూ అమ్మ ఫోనుకు చార్జింగు పెట్టి, మళ్ళీ సొరుగులో పెడుతున్నాను.

నిన్న సాయంత్రం ఆ మేనేజరు మన గుమ్మంలోకి వచ్చాడు. కుర్చీ చూపించాను. మంచినీళ్ళిచ్చాను.

"ఒక్కసారి నొక్కండమ్మా. ఏదో లోపం వల్ల ఆగిందని చెప్పుకుంటాను" అన్నాడు.

"లోపం మాట నిజమే. ఎవరిలోనన్నదే తేలాలి" అన్నారు మీ బావ.

అతను వెళ్ళాక ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఎప్పుడూ పోనీలే అనే చిన్నక్క ముందుగా నోరు విప్పింది. "అదే సభ, అదే మనుషులు. ఆ గదిలోని అమ్మ మా అమ్మ కాదు, ఈ గది నేను గీయలేదు అని వాడి నోటితో చెప్పాలి. అప్పుడే నొక్కుదాం."

"చెప్తే నొక్కుతావా?" అని బావ నన్ను అడిగారు. నేను అమ్మ ఫోను ఒళ్ళోకి లాక్కున్నాను. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రార్థనకు కూర్చున్నప్పుడల్లా ఆ తెర ముందు నిలబడ్డ ముఖమే గుర్తు తెచ్చుకుంటున్నానని నేను వాళ్ళకు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

"ఇది అక్క చేతిలో ఉంటే వాడు నిజం చెప్పినా పాట రాదు" అంది చిన్నక్క. "తమ్ముడి దగ్గరుంటే, ఆ మేనేజరు బతిమాలుకోవాలన్నా సముద్రం దాటాలి."

అలాగే నిర్ణయించాం. పెట్టెలో ఉన్నది అమ్మ ఫోను, దాని చార్జరు. అతను చెప్పాడని చిన్నక్క కబురు పంపిన రోజున నొక్కు. ఆ రోజు నేను వద్దని రాసినా వినకు.

ఇట్లు,
నీ పెద్దక్క