ప్రార్థన అంశం: దుర్గవ్వ

ఆగస్టు 3, ఆదివారం, మధ్యాహ్నం 3

ప్రసంగం నోట్సు రాసుకోమని నా కూతురు అనుపమ కొనిచ్చిన పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ రాస్తున్నాను. పదో తరగతి తర్వాత బైబిలు వాక్యం తప్ప ఏమీ రాసినదాన్ని కాదు. కానీ మా సంఘంలో ఏ మాటైనా నోటితో చెబితే అది ప్రార్థన అంశం అయిపోతుంది. కాగితం ఎవరికీ చెప్పదు.

నెల మొదటి ఆదివారం, ఈ రోజు ప్రభువు బల్ల. సాతంరాయిలో మా చర్చి మీదుగానే విమానాలు దిగుతాయి. రొట్టె విరిచే ముందు పాస్టరుగారు దుర్గవ్వను నిలబడమన్నారు. మైలార్‌దేవ్‌పల్లిలో తమ్ముడి ఇంట బోనం ఎత్తుకున్నందుకు ఆమె మూడు నెలలు బల్లకు దూరం, రొట్టె ముట్టకూడదని చెబుతుండగా విమానం వచ్చింది. అది పోయేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పారు. దుర్గవ్వ రెండుసార్లు విన్నది. తల మీది కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కున్నది.

రొట్టె పళ్లెం పట్టుకొని పక్కన నిలబడ్డది నేను. ఆ సంగతి పాస్టరుగారి దాకా పోయింది నా నోటి నుంచే.

ఆగస్టు 4, సోమవారం

ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

దుర్గవ్వ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. భర్త పోయాక బాప్తిస్మం తీసుకుంది. పన్నెండేళ్లుగా చర్చిలో నా పక్కనే చాప మీద కూర్చుంటుంది. పోయిన నెల బోనాల మర్నాడు మా ఇంటికి వస్తే ఆమె కాళ్లకు పసుపు కనబడింది. ఏంటని అడిగాను. నవ్వింది. తమ్ముడి భార్యకు ఆపరేషన్ అయిందట, ఇంట్లో బోనం ఎత్తే ఆడమనిషి లేదని తమ్ముడు ఏడ్చాడట. "నేనేం మొక్కలే అక్కా, ఉత్తగ కుండ మోసిన. రోజూ గన్ని బకెట్లు మోస్తలేనా? గా ఒక్క కుండ యేసయ్యకు బరువైతదా?" అన్నది. ఎవరికీ చెప్పకని కూడా అనలేదు. నాకు చెబితే గోడకు చెప్పినట్టే అనుకుంది.

ఆ శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస కూటంలో అంశాలు అడిగారు. సునీత మోకాళ్ల నొప్పి చెప్పింది. లచ్చమ్మ కూతురి సంబంధం చెప్పింది. నా వంతు వచ్చింది. దుర్గవ్వ విశ్వాసంలో బలహీనపడింది, ఆమెను ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అన్నాను. చాలా మెల్లగా అన్నాను. లచ్చమ్మ దగ్గరికి జరిగి, "ఏందక్కా, ఏమైంది? పూర్తిగ చెప్తేనే గద మంచిగ ప్రార్థన చేసేది" అన్నది. చెప్పాను. అందరూ కళ్లు మూసుకొని, ఏడ్చి ప్రార్థన చేశారు. సాయంత్రానికి పాస్టరుగారికి తెలిసింది.

ఆగస్టు 8, శుక్రవారం

కూటానికి పోయాను. నాకు అంశమేమీ లేదన్నాను.

ఆగస్టు 16, శనివారం, సాయంత్రం 4

దుర్గవ్వ డ్యూటీ దిగి, యూనిఫాం మీదనే ఇంటికి వచ్చింది. చెప్పింది లచ్చమ్మేనని ఆమె అనుమానం. "గా లచ్చవ్వ కండ్లు ఎప్పుడు జూసినా మంది కాళ్ల మీదనే ఉంటయి" అన్నది. నేను చాయ్ పెట్టాను. ఒక గుక్క తాగి నా ముఖం చూసింది. "ఏందక్కా, నాకు చక్కెర గూడ మూడు నెలలు బందా?" అని పకపకా నవ్వింది. చక్కెర వేయడం మరిచాను.

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. నా మంచి కోరేదానివి నువ్వొక్కదానివే, జర నా కోసం ప్రార్థన చెయ్యి అన్నది.

చేస్తానన్నాను.

ఆగస్టు 31, ఆదివారం

ఇది రాయకపోతే పైన రాసిందంతా అబద్ధం.

బల్లకు పులియని రొట్టె పదకొండేళ్లుగా నేనే చేస్తున్నాను. మైదా పిండి, నీళ్లు, సన్నని మంట. తెల్లవారి స్నానం చేసి, మౌనంగా చేస్తాను. నాకు పాట రాదు, గట్టిగా ప్రార్థించడం రాదు. సంఘంలో నాకున్నది ఆ రొట్టె ఒక్కటే. జూలైలో పాస్టరమ్మగారు పిలిచి, "మీ రొట్టె కాస్త గట్టిపడుతోంది సలోమమ్మా, వచ్చే నెల నుంచి దుర్గమ్మ చేస్తుందిలెండి, మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నారు. నేను సరేనమ్మా అన్నాను. నవ్వాను కూడా.

ఇది జరిగిన మూడో వారానికే దుర్గవ్వ కాళ్లకు పసుపు చూశాను.

రొట్టె మళ్లీ నా చేతికి వచ్చింది.

సెప్టెంబర్ 6, శనివారం

రేపు చర్చిలో సాక్ష్యాల సమయంలో అందరి ముందు చెప్పేస్తాను. తండ్రీ, గొంతు ఇవ్వు.

సెప్టెంబర్ 7, ఆదివారం, మధ్యాహ్నం 2

చెప్పాను. మైకు పట్టుకొని అంతా చెప్పాను. దుర్గవ్వ మీద ప్రేమతో కాదు, రొట్టె పోయిందన్న అసూయతో చెప్పానన్నాను. దుర్గవ్వ వెనక, చెప్పుల దగ్గర కూర్చొని ఉంది.

పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. "చూడండి ప్రియులారా, ఎంత తగ్గింపు, ఎంత వినయం! ఇలాంటి మనసు మనందరికీ కావాలి" అన్నారు. స్తోత్రం అని అందరూ చప్పట్లు కొట్టారు. లచ్చమ్మ వచ్చి కౌగిలించుకుంది. మరి దుర్గవ్వ శిక్ష తీసేస్తారా అని అడిగాను. "అది వేరే విషయమమ్మా. నోరు మీదే కావచ్చు, బోనం ఎత్తిన తల ఆమెదే కదా" అన్నారు.

వెనక్కి చూస్తే దుర్గవ్వ చెప్పులు వేసుకుంటోంది. నా వైపు చూడలేదు.

పళ్లెం నా చేతికే ఇచ్చారు. అందరికీ పంచి, నేనూ ఒక ముక్క తీసుకున్నాను. వద్దనే ధైర్యం లేకపోయింది.

సెప్టెంబర్ 9, మంగళవారం

దుర్గవ్వ ఇంటికి పోయాను. తలుపు సగమే తీసింది. "ఏం పని మీద వచ్చిన్రు?" అన్నది. నన్నెప్పుడూ మీరు అనలేదు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా. ఊరికే వచ్చానన్నాను. "డ్యూటీకి టైమైతుంది" అని తలుపు వేసింది. ఒంటి మీద యూనిఫాం లేదు.

అక్టోబర్ 5, ఆదివారం

ఇప్పుడందరూ నన్ను సాక్ష్యపు అక్క అంటున్నారు. రాజేంద్రనగర్ సంఘం వాళ్లు తమ చర్చికి వచ్చి మాట్లాడమని అడిగారు.

నవంబర్ 2, ఆదివారం

మూడు నెలలు నిండాయి. బల్ల దగ్గర పాస్టరుగారు దుర్గవ్వ పేరు పిలిచారు. విమానం వచ్చింది. అది పోయేదాకా ఆగి మళ్లీ పిలిచారు. ఎవరూ లేవలేదు.

నా ముక్క నేను తినలేదు. కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చాను. గట్టిగానే ఉంది.

అనుపమా, తల్లీ, ఈ పుస్తకం నీ చేతికి వస్తే ట్రంకుపెట్టెలో అడుగున ఉంచు. పారేయకు. ఎవరికీ చూపకు. నన్ను ప్రార్థన అంశంగా మాత్రం పెట్టకు.