పలికింది నాయనా!

నాయనా,

నువ్వు పోయాక ఇదే మొదటి ప్రయోగం. పొద్దున రాకెట్ బాగానే వెళ్ళింది, ఉపగ్రహాన్ని వదిలింది. అది భూమికి అవతలి వైపు తిరిగి మళ్ళీ మా వైపు రావాలి. రాగానే దాని సిగ్నల్ పట్టుకోవడమే నా పని. అవతల ఉన్నంతసేపూ అది ఎలా ఉందో మాకు తెలియదు. అది పైకి తేలే దిక్కుకు యాంటెన్నా తిప్పి, అందరం తెర ముందు కూర్చున్నాం.

నాకు ముద్దనూరు గుట్టలు గుర్తొచ్చాయి. గొర్రెల వెంట నేను గుట్ట అవతలికి పోతే నువ్వు ఇవతలి నుంచి "అమ్మీ!" అని కేక వేసేవాడివి. నేను "ఓ" అనాలి, అంతే. ఒకసారి రేగిపళ్ళు ఏరుకుంటూ పలకలేదు. గుట్టెక్కి పరుగున వచ్చావు. గొర్రె తప్పిపోయిన రోజు కూడా నీకంత కోపం రాలేదు.

"పిలిస్తే పలకాల గదమ్మీ! పలికితేనే గదా నువ్వు ఆడ ఉండావని నాకు తెలిసేది!"

ఇంతలో తెర మీద సన్నని గీత లేచింది.

"వచ్చిందా?" అన్నారు మా పెద్దసారు.

"సిగ్నల్ వచ్చింది సార్" అనాలి నేను. "పలికింది నాయనా!" అని అరిచాను.

గదంతా నవ్వింది. ఆయనా నవ్వి, "పలికిందా? మంచిదమ్మా" అన్నారు. సాయంత్రానికి అందరి నోటా అదే మాట, పలికింది, పలికింది అని. అది నీ మాటని వాళ్ళకు తెలియదు.

ఇప్పుడు నన్ను అమ్మీ అని పిలిచేవాళ్ళు లేరు. అయినా నువ్వు నేర్పిన అలవాటు ఎక్కడికి పోతుంది?

ఓ, నాయనా. ఈడనే ఉండా.