బావగారి ఫర్వెంట్ పాత్ర

బావమరిదికి ఆశీస్సులు.

మేం క్షేమం. మా కాలనీలో నాటకం వేస్తున్నారు, అందులో నన్నూ తీసుకున్నారు. దర్శకుడు ఫోన్ చేసి, నాది ఫర్వెంట్ పాత్ర అనీ, ఒకటే డైలాగనీ చెప్పాడు. అర్థం అడిగితే పరువు పోతుందని అలాగేనన్నాను. నువ్వు కాలేజీలో ఇంగ్లీషు చెబుతావు కదా, ఆ మాటకి అర్థం రాసి పంపు. బస్టాండు మైకులో ఇన్నేళ్ళుగా బస్సులు పిలుస్తున్నాను, నన్నెవరూ ఇంతవరకూ ఇంగ్లీషులో ఏమీ అనలేదు.

నీ జవాబు కోసం కాచుకున్న,
బావ

తా.క. మీ అక్కకీ తెలియదు. ఏదైనా సరే, మీరు మాత్రం అది కాదు అంది. పెళ్ళికి ముందు నేను "నువ్వంటే ఇష్టం" అన్నప్పుడు, ఏదో బస్సు వచ్చిందనుకుని బ్యాగు తీసుకుందట.

*

బావగారికి నమస్కారాలు.

ఫర్వెంట్ అనేది విశేషణం. లాటిన్‌లో మరగడం అనే మాట నుంచి వచ్చింది. లోపలున్నది పొంగి పైకొచ్చేంత తపన అన్నమాట. ప్రార్థనకీ, కోరికకీ, కృతజ్ఞతకీ వాడతారు. నీళ్ళకి ఇప్పుడెవరూ వాడటం లేదు.

మీ శ్రేయోభిలాషి,
బావమరిది

తా.క. అరవకండి. అరిస్తే అది వేరే విశేషణం.

*

బావమరిదికి ఆశీస్సులు.

నా డైలాగు "అయ్యా, భోజనం సిద్ధం." ఇంట్లో సాధన చేస్తే మీ అక్క నవ్వుతుందని బస్టాండులోనే మొదలుపెట్టాను. ఏడో ప్లాట్‌ఫాం బస్సు బయలుదేరుతోందని బాగా మరిగించి చెప్పాను. నాలుగో ప్లాట్‌ఫాం వాళ్ళు కూడా వచ్చి అదే బస్సెక్కారు. ఎవరినీ సాగనంపడానికి రాని ఒక పెద్దావిడ ఏడ్చింది. మేనేజరు మెమో ఇచ్చాడు. రిహార్సల్లో దర్శకుడేమో కొంచెం తగ్గించమన్నాడు. ఏం తగ్గించాలి?

మెమో అందుకున్న,
మీ బావ

తా.క. మీ అక్క మెమో రెండుసార్లు చదివి, "బస్సులకైతే వస్తుందన్నమాట" అంది.

*

బావగారికి నమస్కారాలు.

తగ్గించాల్సింది వేడి కాదు, చప్పుడు. మూత పెట్టండి. ఎవరితో చెప్పాల్సింది సరిగ్గా చెప్పలేకపోయారో, వాళ్ళని చూస్తూ మెల్లగా చెప్పండి.

గెలుపు కోరుతూ,
బావమరిది

తా.క. మా స్టాఫ్ రూము తరఫున ఫర్వెంట్ శుభాకాంక్షలు. ఆ మాట వాడుక గమనించండి.

*

బావమరిదికి ఆశీస్సులు.

నాటకం అయిపోయింది. అనుకున్నదానికంటే ముందే అయిపోయింది.

కథ ప్రకారం, ఆస్తి పోగొట్టుకున్న యజమాని ఆకలి లేదని చెప్పి ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి. మిగతా నాటకమంతా ఆయన్ని వెతకడమే. ఆ వేషం మందుల షాపాయనది. నేను తలుపు దగ్గర నిలబడి, ముందు వరసలో కూర్చున్న మీ అక్కని చూస్తూ, "అయ్యా, భోజనం సిద్ధం" అన్నాను. మెల్లగానే అన్నాను. మందుల షాపాయన కళ్ళు తుడుచుకుని, "పద, తిందాం" అన్నాడు. నా భుజం మీద చెయ్యేసి లోపలికి వచ్చేశాడు.

ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు కాబట్టి వెతకడానికి ఏమీ మిగల్లేదు. తెర దించేశారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

దర్శకుడు నన్ను పక్కకి పిలిచి తను చెప్పింది సర్వెంట్ పాత్ర అన్నాడు. నౌకరు. ఫోన్‌లో ఆ రెండూ ఒకేలా వినపడతాయట.

ఇంటికొచ్చాక మీ అక్క గుమ్మం దగ్గర తాళం తీస్తూ, "అది నాతోనే కదా అన్నారు?" అని అడిగింది. అవునన్నాను.

"వినపడింది," అంది.

ఇట్లు, చెప్పగలిగిన
మీ బావ

తా.క. వచ్చే నాటకంలో నాకు శవం వేషం ఇచ్చారు. ఎలా పడుకోవాలో నిన్ను మాత్రం అడగొద్దని దర్శకుడు మరీమరీ చెప్పాడు. కాస్త త్వరగా జవాబు రాయి.